శాంతుడి ఆట

కోట ఉద్యోగులవి పన్నెండు కుటుంబాలు ఒకే లోగిలిలో కాపురముండేవి. అందులో అశ్వశాల అధికారి గజపతయ్యకి ఒక వేటకుక్క ఉండేది. దాని పేరు శాంతుడు. పేరు పెట్టేముందు దాన్నెవరూ సంప్రదించినట్టు లేదు. వాకిట్లో ఇంకో కుక్క కనబడితే చాలు, మీదపడి చీరేసేది.

కట్టేసుకోమని ఎవరైనా మొత్తుకుంటే, "అది కరవదు, ఆడుకుంటుంది. మీ కుక్కలకే ఆడటం చేతకాదు" అని గజపతయ్య మీసం దువ్వేవాడు.

అంతఃపురంలో పూలు కట్టే సూరమ్మ కుక్కకి ఆ ఆటలో ఒక చెవి పోయింది. మర్నాడు ఆవిడ చేతులు కట్టుకుని గజపతయ్య గుమ్మంలో నిలబడింది.

"అయ్యగారూ, రాణిగారి కుక్కపిల్ల తోడు లేక బెంగపెట్టుకుంది. మన శాంతుడితో ఆడుకోవడానికి ఇక్కడికి పంపమని మనవి చేస్తాను."

గజపతయ్య మొహం పాలిపోయింది. "వద్దు వద్దు! చంపేస్తుంది!"

"అదేమిటండీ, ఆడుకుంటుందన్నారుగా?"

గజపతయ్య గొలుసు తెచ్చి, తన చేతులతోనే శాంతుణ్ణి స్తంభానికి కట్టేశాడు. సాయంత్రం సూరమ్మ పని నుంచి రాగానే ఎదురెళ్లి, "రాణిగారికి చెప్పలేదు కదా?" అని అడిగాడు.

"ఇంకా లేదండి" అంది సూరమ్మ వినయంగా. "ఆ గొలుసు ఊడిన రోజున చెబుతాను."