అన్నం మానేసినవాళ్ళ విందు

"'దేశంలో మనిషి తినే బియ్యం ఏటికేడాది తగ్గిపోతోంది.' ఇది నా మాట కాదు గురువుగారూ, పేపర్లో పడింది! ఆ గీత చూడండి, ఎలా కిందకి జారిపోతోందో. మీరేమో మీ తాతగారి కాలం కొలతే పట్టుకు వేలాడుతున్నారు!"

లోవరాజు గొంతు వంటషెడ్డు దాటి రోడ్డు మీదకి వినిపిస్తోంది. పేపరు ముక్కని అబ్బులు మేస్త్రి ముక్కు దగ్గర పెట్టి ఊపుతున్నాడు. కాకినాడ చుట్టుపక్కల ఏ విందుకైనా అబ్బులు మేస్త్రి వంటే. లోవరాజు పదేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాడు. కూరలు, పులుసులు అన్నీ మేస్త్రి వాడికే వదిలిపెట్టాడు గానీ, బియ్యం కొలిచి ఎసరు పెట్టే పని మాత్రం ఇవ్వలేదు. వచ్చేవారం సామర్లకోటలో పెద్ద పెళ్ళి. ఆ వంట తనొక్కడే దగ్గరుండి చేయించాలని లోవరాజు ప్రాణం కొట్టుకుంటోంది.

"జనం మారిపోయారు కదండీ, మనమెందుకు మారం?" అన్నాడు చివరికి.

మేస్త్రికి వాదించే అలవాటు లేదు. ఉల్లిపాయలు తరుక్కుంటూ, "ఇవాళ ఎసరు నువ్వే పెట్టరా. సరిపోతే సామర్లకోట నీదే" అన్నాడు.

ఇవాళంటే వాకర్స్ క్లబ్బు వార్షికోత్సవం. నూట యాభై మంది, ఒక్కొక్కళ్ళకీ షుగరో బీపీయో. సెక్రటరీ సోమయాజులు గారు, రిటైర్డ్ తాసీల్దారు, ముందే చెప్పేశారు. "మావాళ్ళు అన్నం మానేసి ఏళ్ళయిందయ్యా. విస్తరికో గుప్పెడు, అదీ పేరుకి. చపాతీలు చూసుకోండి." లోవరాజు ఇంకో పదిమందిని కూడా అడిగాడు. అదే మాట. పద్దెనిమిది కిలోలు పొయ్యాల్సిన చోట ఏడు పోశాడు.

బంతి మొదలైంది. అందరూ తలో చపాతీ తుంచారు. అంతలో ముద్దపప్పు, ఆవకాయ వచ్చాయి.

"బాబూ, అన్నం వద్దుగానీ, ఆవకాయ కలుపుకోడానికి ఓ ముద్ద వెయ్యి."

"నాకూ గమ్మున వేసెయ్. మా ఆవిడ అటు తిరిగింది."

ఆవిడ అటు తిరిగింది కూడా అన్నం బేసిను కోసమే. వంకాయకూర బావుందని ఓ ముద్ద. పులుసుకి ఆనకట్ట కట్టడానికి రెండు. సోమయాజులు గారైతే "సెక్రటరీని కదా, రుచి చూడాలి" అంటూ మూడుసార్లు చూశారు. పెరుగు వచ్చేసరికి గుండిగ అడుగు గీకిన చప్పుడు వినపడింది.

నూట యాభై మంది ఎంగిలి చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కళ్ళూ లేవరు.

"పెరుగన్నం తినకుండా లేస్తామటయ్యా? కొలత తెలిసినవాడే లేడా మీలో?" సోమయాజులు గారి కేకకి లోవరాజు చొక్కా తడిసిపోయింది. సామర్లకోట పోయినట్టే అనుకున్నాడు.

అప్పుడు షెడ్డు వెనకనించి ఇద్దరు మనుషులు పొగలు కక్కుతున్న ఇంకో గుండిగ మోసుకొచ్చారు. లోవరాజు చపాతీ పిండితో కుస్తీ పడుతున్నప్పుడే మేస్త్రి దానికి ఎసరు పెట్టేశాడు.

చేతులు కడుక్కునే చోట విలేకరి ఒకడు సోమయాజులు గారిని పట్టుకున్నాడు. "ఏం తిన్నామయ్యా, ఓ చపాతీ ముక్క! మా క్లబ్బులో మనిషికి గుప్పెడన్నం మించదు" అన్నారాయన, తేన్చుతూ. అబద్ధం ఆడేవాడి మొహం కాదది. మర్నాడు ఫొటోతో సహా పేపర్లో పడింది.

లోవరాజు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పొయ్యి రాజెయ్యడానికి వాడుకున్నాడు. నాలుగురోజులు పోయాక నసుగుతూ వచ్చాడు. "గురువుగారూ, సామర్లకోట నించి ఫోనొచ్చిందండి. మగపెళ్ళివారు అందరికందరూ అన్నం మానేశారంట."

"అయితే?"

"ఇంకో బస్తా ఎక్కువ తెప్పించాలండి."

మేస్త్రి కత్తిపీట మీంచి తలెత్తి వాడి వంక చూశాడు. "వెళ్ళి చేసుకురా. ఆ మాట మాత్రం వాళ్ళ దగ్గర అనకు. పాపం, మనసు కష్టపెట్టుకుంటారు."

ఇంతకీ, మీరు మానేసి ఎన్నాళ్ళయిందండీ?