చివరి బిందె దైవసహాయం గారు

రేవులో దీపస్తంభాన్ని నూనె పోసి వెలిగించే రోజులవి. మీ తాతగారి తాతగారు ఇంకా పాకుతున్న రోజులవి. ఆ రోజుల్లో, అనగనగా, సముద్రం ఒడ్డున నీలరేవు అని ఒక పట్నం ఉండేది.

నీలరేవుకి పైన కొండ, కింద సముద్రం. కొండ మీద ఒక చెరువు. చెరువు నుంచి ఒక గొట్టం. ఆ గొట్టం ముందు మెట్టవీధికి వచ్చేది, తర్వాత నడివీధికి, ఆ తర్వాత ఉప్పుపేటకి. మెట్టవీధిలో మేడలు. నడివీధిలో దుకాణాలు. ఉప్పుపేటలో ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ల పాకలు. గొట్టం మూడు చోట్లకీ వెళ్లింది. నీళ్లు మాత్రం రెండు చోట్ల దాకానే వెళ్లేవి. ఉప్పుపేటలో కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. పేట ఆడవాళ్లు మడులు దాటి, ఇసకదిబ్బలు దాటి, వాగు దాకా నడిచి నీళ్లు తెచ్చుకునేవాళ్లు.

ఆ ఉప్పుపేటలో ఒక చిన్న గుడి. తాటాకు కప్పు, మట్టి గోడలు, గుమ్మం ముందు కర్రకి వేలాడే గంట. ఆ గుడికి పాస్టరు దైవసహాయం గారు. సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారనేవాళ్లు, ఆయన భార్య సువార్తమ్మని అమ్మగారనేవాళ్లు. అయ్యగారికి వాక్యం మొదలుపెడితే ఆపడం తెలీదు. ప్రార్థన మొదలుపెడితే అసలే తెలీదు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారంటే పొయ్యి మీద పప్పు ఉడికి, మాడి, చల్లారిపోయేదని చెప్పుకునేవాళ్లు. ఈ మాట ఆయన చెవిన కూడా పడింది. ఆయనా నవ్వారు. మళ్లీ ఆదివారం అంతే పొడుగు ప్రార్థన చేశారు.

ఆదివారం గుడిగంట మూడుసార్లు కొట్టడం వాళ్ల వాడుక. మొదటి గంటకి స్నానాలు చెయ్యాలి. రెండో గంటకి ఇల్లు కదలాలి. మూడో గంటకి ఆరాధన మొదలు. దైవసహాయం గారు మాత్రం మూడో గంట పొద్దుని చూసి కొట్టేవారు కాదు, దీనమ్మని చూసి కొట్టేవారు. దీనమ్మ పేటలో అందరికన్నా ముసలిది. అందరికన్నా దూరంగా ఉండేది. అందరికన్నా నోరు పెద్దది. ఆమె వాగుకి వెళ్లి, బిందె ఇంట్లో దింపి, చీర మార్చుకుని వచ్చేసరికి పొద్దు బారెడెక్కేది. అందరూ చాపల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. ఒక్కరు బయట ఉండగా లోపల పాట పాడటానికి ఆయనకి నోరు వచ్చేది కాదు.

ఒక ఆదివారం దీనమ్మ రొప్పుతూ వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆ రోజు ఆమె నోట్లో తిట్లు లేవు.

"నా పెళ్లినాడు ఏసినారు అయ్యగోరూ ఆ కుళాయి. ఇప్పుడు నా పళ్లన్నీ ఊడిపోనాయి. ఒక్క బిందె. నా గుమ్మం ముందర ఒక్క బిందె నిండితే, అది సూసి పోతాను."

ఆ రోజు అయ్యగారి ప్రార్థన చాలా చిన్నది. సంఘమంతా కంగారుపడింది.

ఇదిలా ఉండగా పట్నానికి మేయరు కావాల్సొచ్చింది. ఆ కాలంలో పట్నం సభలోని సభ్యులంతా కలిసి ఎవర్ని కుర్చీలో కూర్చోబెడితే వాళ్లే మేయరు. మెట్టవీధి వాళ్లు చెప్పిన మనిషి నడివీధికి గిట్టలేదు. నడివీధి వాళ్లు చెప్పిన మనిషి మెట్టవీధికి గిట్టలేదు. కుర్చీ ఖాళీగా ఉండి దుమ్ము పట్టింది. అప్పుడు మెట్టవీధి పెద్ద పరాంకుశం గారికి ఒక ఉపాయం తట్టింది.

"ఉప్పుపేట పాస్టరు గారిని పెడదాం. పాపం, ఎప్పుడూ ప్రార్థనలో ఉంటాడు. ఆయన కళ్లు మూసుకుని ఉంటే మన పనులు మనం చేసుకోవచ్చు," అన్నారాయన.

ఈ మాట మెట్టవీధికి నచ్చింది. నడివీధికీ నచ్చింది. రెండు వీధులకీ ఒకే మాట నచ్చడం నీలరేవులో అదే మొదలట.

అయ్యగారు మాత్రం వద్దన్నారు. కుర్చీలు మనకెందుకన్నారు. అప్పుడు దీనమ్మ చేతికర్ర నేలకేసి కొట్టి, గొట్టం తాళాలన్నీ ఆ కుర్చీ దగ్గరే ఉంటాయట, వెళ్తావా వెళ్లవా అని నిలదీసింది. ఒక్క బిందె నిండే పూచీ నాది మామ్మా అని మాటిచ్చి ఆయన కుర్చీ ఎక్కారు. సువార్తమ్మ ఆయన తెల్లంగీకి కొత్త బొత్తాలు కుట్టి పంపింది.

మొదటి రోజు సభలో ఏమైందో తెలుసా? ఏ పనైనా ప్రార్థనతోనే మొదలుపెట్టాలి కదా. మేయరు గారు లేచి కళ్లు మూసుకున్నారు. కొండ కోసం ప్రార్థించారు, చెరువు కోసం ప్రార్థించారు, మూడు వీధుల కోసం ప్రార్థించారు. కళ్లు తెరిచేసరికి సభలో ఒక్కరు లేరు. ఆయన ప్రార్థిస్తూ ఉండగానే సభ్యులు మెట్టవీధికి ఇంకో గొట్టం వెయ్యాలని తీర్మానించేసి, ఉప్మా తినడానికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి ఆయన దిగులుగా కూర్చుంటే సువార్తమ్మకి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

"కళ్లు తెరుచుకుని కూడా ప్రార్థన చెయ్యొచ్చండీ. దేవుడేమీ అనుకోడు," అంది.

ఆ రోజు నుంచీ ఆయన కళ్లు తెరుచుకునే ప్రార్థన చేశారు.

కళ్లు తెరిచి మొదట సభని అడిగారు. ఉప్పుపేటకి నీళ్లు పంపుదామా అన్నారు. తప్పకుండా అని అందరూ తలలూపారు. ఊపిన తలలతోనే ఇళ్లకి వెళ్లిపోయారు. ఉప్పుపేట కుళాయి బుస్సుమంది.

రెండోసారి మెట్టవీధి మొగలో నిలబడి వాక్యం చెప్పినట్టు చెప్పారు. మడుల్లో కాళ్లు పగిలిన ఆడవాళ్ల సంగతి చెప్పారు, దీనమ్మ సంగతి చెప్పారు. మెట్టవీధి వాళ్లు మెత్తని మనసులవాళ్లు, భోరుమని ఏడ్చారు. ఏడ్చిన మొహాలు కడుక్కోవడానికి ఆ రోజు ఇంకో నాలుగు చెంబులు ఎక్కువ వాడారు. ఉప్పుపేట కుళాయి బుస్సుమంది.

ఇక తాళాలున్నాయి కదా, మెట్టవీధికి నీళ్లు కట్టెయ్యొచ్చు కదా అంటారేమో. మేయరు మాట కొట్టెయ్యడానికి సభ ఉందిగా! పైగా అడ్డంకి గొట్టంలో లేదు. మెట్టవీధిలో ప్రతి ఇంట్లోనూ నేలలో పెద్ద పెద్ద తొట్లు తవ్వుకున్నారు. రోజంతా కుళాయిలు వదిలేసేవాళ్లు. తొట్లు నిండి, తోటలు తడిసి, నీళ్లు వీధిలో పారేవి. ఇది ఎవరికి వాళ్లు కట్టుకోవాల్సిన కుళాయి.

అందుకని మూడోసారి ఆయన మేయరు పని పక్కనపెట్టి పాస్టరు పని చేశారు. పాస్టరు పనేమిటి? ఇల్లిల్లూ తిరిగి, గుమ్మంలో కూర్చుని, కష్టసుఖాలు అడగడం. అలా వచ్చిన పెద్దమనిషి గొంతు తడుపుకోకుండా వెళ్లిపోతే ఆ ఇంటికి మంచిది కాదని నీలరేవులో అందరికీ నమ్మకం. ఏ దేవుడికి మొక్కే ఇల్లయినా సరే, ఆ భయం మాత్రం ఒకటే.

మంచి ఎండల్లో, పొద్దున్నే బయల్దేరారు. మొదటి ఇంట్లో నిమ్మకాయ షర్బతు ఇచ్చారు.

"ఉప్పుపేటలో చివరి బిందె నిండాక తాగుతానమ్మా," అని లేచారు. ఆ ఇంటివాళ్లు హాస్యమనుకుని నవ్వారు.

రెండో ఇంట్లో కాఫీ ఇచ్చారు.

"ఉప్పుపేటలో చివరి బిందె నిండాక తాగుతానమ్మా," అని లేచారు. ఆ ఇంటివాళ్లు నవ్వలేదు, గేటు దాకా గ్లాసు పట్టుకుని వెంటపడ్డారు.

మూడో ఇల్లు పరాంకుశం గారిది. ఆయన భార్య ఆండాళ్లమ్మ గారు అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ తెచ్చారు. గ్లాసు చూస్తేనే ప్రాణం లేచొచ్చేలా ఉంది. అయ్యగారి పెదాలు అప్పటికే ఎండిపోయాయి.

"ఉప్పుపేటలో చివరి బిందె నిండాక తాగుతానమ్మా."

ఆండాళ్లమ్మ గారి చెయ్యి అలాగే ఆగిపోయింది. "మా అత్తగారు ఈ ఇల్లు నా చేతిలో పెట్టిన రోజు నుంచీ, దాహంతో ఈ అరుగు దిగినవాళ్లు లేరండి."

"అయితే దిగనులెండి. ఇక్కడే కూర్చుంటాను," అన్నారాయన.

ఆండాళ్లమ్మ గారు గ్లాసు కింద పెట్టేశారు. విసనకర్ర తెచ్చి, ఆయనకి విసురుతూ తనూ కూర్చున్నారు. ఆవిడా మంచినీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నమైంది. లోపల్నుంచి పరాంకుశం గారు అన్నం పెట్టమని కేకేశారు. పెడతాను, ముందు తోటలో కుళాయి కట్టి రండి అని ఆవిడ అరుగు మీంచే చెప్పారు. మన ఒక్క కుళాయితో ఏమవుతుందని ఆయన వాదించారు. ఆవిడ విసురుతూనే ఉన్నారు. వీధిలో జనం పోగయ్యారు. చెవులు కొరుక్కోవడం మొదలైంది. పరాంకుశం గారికి ఆకలీ వేసింది, సిగ్గూ వేసింది. విసురుగా వెళ్లి కుళాయి కట్టేశారు.

ఇక్కడ ఆయన స్వభావం కాస్త చెప్పాలి. తను కట్టేసిన కుళాయి పక్కింటివాళ్లు తిప్పుకుంటే ఆయనకి ఒళ్లు మండిపోతుంది. అంతే, చేతికర్ర పుచ్చుకుని ఆయనే ఇల్లిల్లూ బయల్దేరారు. నేను కట్టాను, నువ్వు కట్టవేం అని ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి గద్దించారు. మెట్టవీధి అయిపోయింది. నడివీధీ అయిపోయింది. ఎంత మంచి బుద్ధితో చేసినా ఆ పని అంత తొందరగా జరిగేది కాదు.

కింద ఉప్పుపేటలో కుళాయి ముందు బుస్సుమంది. తర్వాత ఎర్రగా తుప్పు కక్కింది. ఆ తర్వాత చిటికెన వేలంత ధార, తెల్లగా, చల్లగా వచ్చింది. పేట పేటంతా బిందెలతో పరిగెత్తింది. అందరూ తప్పుకుని ముందు దీనమ్మ బిందె పెట్టించారు. అది నిండుతుంటే ముసలామె నవ్వుతూనే ఏడ్చింది. ఒక్క గుక్కయినా తాగలేదు. బిందె చంకనెత్తుకుని, కొండదారి ఎక్కి, తిన్నగా పరాంకుశం గారి అరుగు ముందుకి వచ్చింది.

"తాగు అయ్యగోరూ."

"ఇది చివరి బిందేనా మామ్మా?"

"కాదు, మొదటిది."

"నీ వెనకాల ఇంకా ఉన్నారా?"

"పేటంతా ఉంది."

"అయితే ఇంకా ఆగుతాను మామ్మా."

దీనమ్మకి మళ్లీ నోరొచ్చింది. నువ్వు చస్తే ఆ పాపం నా నెత్తినా అని మొదలుపెట్టి చెడామడా తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, నువ్వు తాగకపోతే నేనూ తాగనని అరుగెక్కి కూర్చుంది. ఉప్పుపేట మనిషి మెట్టవీధి అరుగు మీద కూర్చోవడం ఆ పట్నంలో అదే మొదలు. ఆండాళ్లమ్మ గారు కాస్త జరిగి చోటిచ్చి, విసనకర్ర అటు కూడా తిప్పారు.

పొద్దు వాలింది. నీడలు వీధికి అడ్డం పడ్డాయి. అప్పుడు కొండదారిలో ఇంకో బిందె కనిపించింది. మోస్తున్నది సువార్తమ్మ. కుళాయి దగ్గర ఆమె వరసకి చివర నిలబడిందట. వచ్చినవాళ్లనల్లా తన ముందుకి పంపిందట.

"ఇది చివరి బిందేనా?" అన్నారు అయ్యగారు.

"నా వెనకాల సముద్రం తప్ప ఎవరూ లేరండీ," అంది సువార్తమ్మ.

అప్పుడాయన తాగారు. ఆయన తర్వాత ఆండాళ్లమ్మ గారు తాగారు. దీనమ్మ తాగింది. అరుగు చివర్నుంచి పరాంకుశం గారు కూడా, ఎటో చూస్తూ, దోసిలి పట్టారు.

ఆ మర్నాటి నుంచి కుళాయిలకి వేళలు పెట్టారు. దైవసహాయం గారు ఉన్నన్నాళ్లూ ఆయనే మేయరు. రోజూ పొద్దున్న ఉప్పుపేటలో వరస చివర నిలబడి, చివరి బిందె నిండాకే కాఫీ తాగేవారు. ఒక్క బిందె చూసి పోతానన్న దీనమ్మ పోలేదు. ఇంకా చాలా ఏళ్లు ఉండి, ధార సన్నగా వస్తోందని రోజూ మేయరు గారిని తిడుతూ ఉండేది.

చివరికి ఆయనా వెళ్లిపోయారు. మెట్టవీధి నుంచి మూడు వీధులూ తిప్పి సముద్రం దాకా ఆయన్ని మోసుకెళ్తుంటే, దారి పొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఒక బిందెడు నీళ్లు పెట్టారు. పెట్టమని ఎవరూ చెప్పలేదు. మోసేవాళ్లకి దాహం వేస్తుందని ఎవరికి వాళ్లే పెట్టారు.

అందుకే నీలరేవులో పెళ్లయినా, పేరంటమైనా, ఇంటి యజమాని గ్లాసు ఎత్తే ముందు "చివరి బిందె నిండిందా?" అని అడుగుతాడు. నిండిందని నలుగురూ అంటేనే తాగుతాడు. కొత్త మేయరు ఎవరైనా కుర్చీ ఎక్కే ముందు ఉప్పుపేట కుళాయి దగ్గరికి వెళ్లి ఒక బిందె పట్టుకోవాలి. ఒకసారి ఒకాయన పూలదండలతో, బాజాలతో వచ్చి, ఈ సంగతి సరిగ్గా తెలీక బిందె తీసుకుని తిన్నగా ధార దగ్గరికి వెళ్లాడట. కుళాయి దగ్గరున్న ఆడమనిషి తన బిందె తియ్యలేదు, కసురుకోనూ లేదు. వరస చివరికి చూపించి చెప్పిందట.

"బాబూ, మేయరుగోరి చోటు ఆ ఎనకుంది."