పన్నెండు తల్లి ఎలుకలు

సుభాషిణి గారి దగ్గర పరిశోధన చేసినవాళ్ళందరికీ ఆవిడ అలవాటొకటి తెలుసు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, అడిగినవాళ్ళ ముఖంలోకి కాసేపు చూసి, ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు తెలియక కాదు. తల్లి పడిన ఒత్తిడి బిడ్డ శరీరంలో ఏం చేస్తుందన్నది ముప్పై ఏళ్ళుగా ఆవిడ చదువుతున్న చదువే. చెప్పిన జవాబు చెవి దగ్గరే ఆగిపోతుందని ఆవిడ నమ్మకం.

ఆ రోజు ఆవిడ విద్యార్థిని చౌడేశ్వరి మాత్రం పని కోసం రాలేదు. జవాబు కోసమే వచ్చింది. అరచేతికి కట్టు కట్టుకుని, కోపంతో వచ్చింది.

చౌడేశ్వరి పుట్టింది రేకుల కాలనీలో. జలాశయంలో మునిగిపోయిన గొందిపల్లె వాళ్ళ కోసం వేసిన కాలనీ అది. ఊరు ఖాళీ చేయించిన నాడు ఆమె తల్లి సుంకులమ్మ ఐదు నెలల గర్భిణి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే యంత్రం వచ్చి వంటింటి గోడ పడగొట్టింది. ఇరవయ్యేడేళ్ళు గడిచినా, గిన్నె మూత కింద పడితే చాలు, సుంకులమ్మ ఉలిక్కిపడి లేస్తుంది. లేచాక ఎదురుగా ఎవరుంటే వాళ్ళను కొడుతుంది. ఆ ఇంట్లో ఎదురుగా ఉండేది ఎప్పుడూ చౌడేశ్వరే.

ఆ కాలనీ పిల్లల బాగోగులు చూడటానికి వేసిన సంఘం ఆ రోజు పొద్దున తన సమావేశానికి చౌడేశ్వరిని పిలిచింది. ఆ పిల్లలు బడిలో నిలవడం లేదని, ఊరికే కలబడతారని, సరిగ్గా నిద్రపోరని ఎవరో నివేదిక చదివారు. అధ్యక్షుడు టీ చప్పరిస్తూ, "ఆ ఊరి రక్తమే అంతండీ, మనమేం చేయగలం," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెప్పాల్సింది చౌడేశ్వరికి కొండంత ఉంది. నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. చేతిలో ఉన్న గాజు గ్లాసును నేలకేసి కొట్టి, పెంకులు ఏరబోయి చెయ్యి కోసుకుని, బయటికి వచ్చేసింది.

జరిగిందంతా చెప్పి, "చెప్పండి మేడమ్," అంది. "ఆ గ్లాసు పగలగొట్టింది నేను కాదు, మా అమ్మ. అచ్చం మా అమ్మే. ఈ కోపం ఆమె రక్తంలోంచి నాకొచ్చిందంటే, ఆయన చెప్పింది నిజమే కదా?"

సుభాషిణి గారు కళ్ళజోడు తీశారు. కాసేపు చూశారు.

"నీ ఎలుకల ఫలితాలు ఎప్పుడొస్తాయి?"

"రేపు."

"రానీ."

చౌడేశ్వరి పరిశోధన కూడా ఈ ప్రశ్న మీదే. ఒకే జాతి తల్లి ఎలుకలను రెండు వరసల పంజరాల్లో ఉంచింది. మొదటి వరసలో గూడు కట్టుకోవడానికి చాలినంత రంపపు పొట్టు వేయలేదు. పొట్టు చాలని తల్లి కంగారుపడుతుంది, పిల్లలను తొక్కుతుంది, నాకడం మానేస్తుంది. అలా పెరిగిన పిల్లల్లో జన్యువు అక్షరం ఒక్కటి కూడా మారదు. కానీ భయాన్ని చల్లార్చే పని చూసే జన్యువు మీద చిన్న చిన్న రసాయన ముద్రలు పడతాయి. ముద్రలు పడిన కొద్దీ ఆ జన్యువు గొంతు తగ్గుతుంది. భయం వస్తుంది, పోవడానికి దారి దొరకదు. రెండో వరసలోని పన్నెండు తల్లులకు మాత్రం ఏ లోటూ లేదు. కావలసినంత పొట్టు, మేత, వెచ్చదనం. ఆ పిల్లల్లో ముద్రలు తక్కువగా ఉండాలి. ఉంటేనే ఆమె సిద్ధాంతం నిలబడుతుంది. ఉంటేనే ఆ అధ్యక్షుడి ముఖాన కొట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఫలితాలు వచ్చాయి. రెండు వరసల్లోనూ ముద్రలు సమానంగా ఉన్నాయి.

చౌడేశ్వరి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, ఎలుకల గదికి వెళ్ళింది. అక్కడ మస్తాన్ వలీ పంజరాలు కడుగుతున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలోనే పని, ఇంతవరకు ఉద్యోగం ఖాయం కాలేదు.

"రెండో వరసకు పొట్టు తక్కువేసినావు కదా?"

"లేదు పాపా. నువ్వు చెప్పినంతే ఏసినా."

"మరి నా ఫలితం ఎందుకు చెడింది? పంజరాలు మార్చేసింటావు. కడిగేటప్పుడు ఇటువి అటు పెట్టేసింటావు."

మస్తాన్ వలీ చేతులు తుడుచుకున్నాడు. "నీ ఫలితం సంగతి నాకు తెలీదు. ఆ రెండో వరస తల్లులు మాత్రం బాగలేవు. శానా దినాలుగా చూస్తాండా. చెప్దామంటే నువ్వు నిలబడి వినవు."

తప్పు చేసినవాడు ఎదురు మాట్లాడుతున్నాడనిపించింది ఆమెకు. రెండేళ్ళ శ్రమ, తల్లి తిన్న దెబ్బ, తాను తిన్న దెబ్బలు, సమావేశంలో విన్న నవ్వు, అన్నీ కలిసి ఆ ముసలాయన మీద పడ్డాయి. అక్కడికక్కడే కూర్చుని కార్యాలయానికి ఫిర్యాదు రాసింది. నిర్లక్ష్యం అని రాసింది, అబద్ధం అని రాసింది, ఇలాంటి మనిషిని పరిశోధన దరిదాపులకు రానివ్వకూడదని కూడా రాసింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని సాయంత్రానికల్లా మస్తాన్ వలీకి చెప్పేశారు. అతను గది తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత సుభాషిణి గారు ఆమెను తన గదికి పిలిపించారు. బల్ల మీద కంప్యూటర్ తెరిచి ఉంది. ఎలుకల గదిలో తల్లుల నడతను చూడటానికి పైన కెమెరాలు పెట్టి ఉంటాయి. మనుషులు గదిలోకి వచ్చి పోయే నిమిషాలను లెక్కలోకి తీసుకోకూడదని నియమం. ఎలుకల సహజమైన నడత కాదు కాబట్టి ఆ ముక్కలను చౌడేశ్వరి ఎప్పటికప్పుడు తీసేసేది. ఒక్కనాడూ వాటిని చూసింది లేదు.

"నువ్వు తీసేసిన ముక్కలన్నీ ఏరి పెట్టాను," అన్నారు సుభాషిణి గారు. "చూడు."

తెర మీద రెండో వరస కనిపించింది. శబ్దం లేదు. పన్నెండు పంజరాల్లో పన్నెండు తల్లులు పిల్లల మీద ఒళ్ళు పరుచుకుని పడుకున్నాయి. ఒకటి పిల్లను నాకుతోంది. మస్తాన్ వలీ వచ్చాడు. తలుపు చేత్తో పట్టుకుని మూశాడు. పంజరాలు కడిగాడు, మేత పెట్టాడు, వెళ్ళాడు. నాకుతున్న తల్లి నాకుతూనే ఉంది.

తర్వాతి ముక్క. గది ఖాళీ. తల్లులు అలాగే పడుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి పన్నెండూ ఒక్కసారి తలెత్తాయి. ఆ క్షణానే పిల్లలను వదిలేసి, కొన్ని వాటిని తొక్కుకుంటూ, పంజరాల వెనక మూలలకు పరుగెత్తాయి. అప్పుడు తలుపు విసురుగా తెరుచుకుంది. గోడకు కొట్టుకున్న తలుపు తిరిగి మూసుకుంది. చౌడేశ్వరి లోపలికి వచ్చింది.

అంటే ఆమె గదిలోకి రాకముందే, వరండాలో అడుగుల చప్పుడుకే అవి పారిపోయాయి.

ఇంకో రోజు. మళ్ళీ అదే. ఇంకో రోజు. తెర మీద ఆమె పంజరం మూతలు లాగుతోంది, తోక పట్టి తల్లిని పైకెత్తి తూకంలో పడేస్తోంది, ఎవరితోనో ఫోన్‌లో గొడవపడుతోంది. ఎనిమిది వారాలు, రోజుకు రెండుసార్లు. తలుపుకు దగ్గరగా ఉన్న వరస రెండోదే.

చౌడేశ్వరి ఆపమనలేదు. రేకుల ఇంట్లో ఏడేళ్ళ వయసులో తాను, తల్లి చెప్పుల చప్పుడు వినగానే మంచం కింద దూరి కూర్చున్న రోజులు ఆమెకు ఎవరూ చూపించనక్కర్లేదు. కోపం తన్నుకొచ్చింది. మొదట అది సుభాషిణి గారి మీదికే లేచింది.

"మీకు ముందే తెలుసా?"

"తెలియదు. నిన్న మస్తాన్ వలీ ఇంటికి వెళ్ళి అడిగాను. ఆయన చెప్పాడు." ఆవిడ తెర ఆపేశారు. "పన్నెండూ ఒకే జాతివి, చౌడేశ్వరీ. వాటి రక్తంలో ఏ దోషమూ లేదని ఏరి తెచ్చింది నువ్వే."

చౌడేశ్వరి తెర మీంచి చూపు తిప్పి ఆవిడ వైపు తిరిగింది. "అవి ఇట్లయింది నా వల్లే. ఒప్పుకుంటా. మరి మా అమ్మను ఇట్లా చేసినోళ్ళ సంగతి? వాళ్ళనెవరు అడుగుతారు?"

"నీ ఫిర్యాదు చదివాను," అన్నారు సుభాషిణి గారు. "అందులో వాళ్ళ పేరు ఎక్కడా కనబడలేదు."

ఆ మాట చౌడేశ్వరిని కాల్చింది. ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. తప్పు ఎవరిదో తన చేతుల్తో రాసి సంతకం పెట్టింది. మస్తాన్ వలీ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. క్షమించమని అడిగితే అతను, "మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడలేదు పాపా," అన్నాడు. అంతకన్నా మెత్తగా మాట్లాడలేదు. మరునాడు పనిలోకి వచ్చాడు.

ఆమె కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని ఆమె అనుకోనూ లేదు. ఈసారి దానికి దారి దొరికింది. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, యంత్రం వచ్చిన నాడు గొందిపల్లెలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఎందరో కనుక్కుంది. పందొమ్మిది మంది. ఇప్పుడు బడిలో నిలవడం లేదంటున్న పిల్లల్లో చాలామంది వాళ్ళ మనవలే. ఊరు కూలిన రోజు తేదీ, ఉత్తర్వు మీద సంతకం ఎవరిది, ఇచ్చిన గడువు ఎంత, గడువుకు ఎన్ని రోజుల ముందే గోడలు కూలాయి, అన్నీ రాసుకుని తర్వాతి సమావేశంలో నిలబడి చదివింది. అధ్యక్షుడు మధ్యలో, "కూర్చోమ్మా, తర్వాత చూద్దాం," అన్నాడు. ఆమె కూర్చోలేదు. గొంతు పెంచలేదు. పందొమ్మిది పేర్లూ చివరిదాకా, ఆయన వైపే చూస్తూ చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ కాగితాన్ని నివేదికలో చేర్చక సంఘానికి తప్పలేదు.

నాలుగు నెలలకు ఆ పన్నెండు తల్లులూ మళ్ళీ ఈనాయి. ఈసారి వాటి ఆలనంతా మస్తాన్ వలీదే. పిల్లలను పరీక్షిస్తే తొమ్మిది తల్లుల పిల్లల్లో ముద్రలు బాగా తగ్గాయి. మూడు తల్లుల పిల్లల్లో తగ్గలేదు. ఎంత మెల్లగా వచ్చినా, మస్తాన్ వలీ వచ్చినా సరే, ఆ మూడు తల్లులు ఇంకా మూలకే పరుగెత్తుతున్నాయి.

చౌడేశ్వరి ఆ ఫలితం పట్టుకుని సుభాషిణి గారి ముందు నిలబడింది.

"ఆ మూడింటికీ భయం పోలేదు మేడమ్. మా అమ్మకూ పోదు. నాకూ పోదేమో."

సుభాషిణి గారు కళ్ళజోడు తీయలేదు. ఏ పనీ పురమాయించలేదు.

"పోకపోవచ్చు," అన్నారు. "తలుపు మెల్లగా తీయడానికి, అది పోయేదాకా ఆగాలా?"