జేబులో చెంచా

డాక్టర్ శేషఫణిగారి తెల్లకోటు జేబులో పెన్ను లేని రోజులున్నాయి గానీ చెంచా లేని రోజు లేదు. పక్షవాతానికి వైద్యం నేర్చుకోవడానికి కడపలో ఆయన దగ్గర చేరిన మేమంతా, ఈయన ఎక్కడ ఉప్మా కనిపిస్తే అక్కడే కానిచ్చేస్తారు కాబోలని చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకనాటి ఉదయం, విదేశీ శిక్షణకు పిలుపొచ్చిన మా హిమజ ఆయన్ని నిలదీసింది. "సార్, మీరు స్కాట్లాండు వెళ్ళొచ్చారు. అక్కడి వార్డులో మన దగ్గర లేనిది ఏముంది?" యంత్రాల పేర్లు రాసుకుందామని నోటుబుక్కు కూడా తెరిచింది.

ఆయన ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పరు.

"నేను వెళ్ళిన మూడో రోజు," అన్నారు, "ఇయన్ అనే పెద్దాయన్ని తెచ్చారు. కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. మెదడులో నెత్తురుగడ్డ కరగడానికి సూది ఇస్తే సాయంత్రానికల్లా చెయ్యి కదిలింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పెదవులు ఎండిపోయి ఆయన నీళ్ళ గ్లాసు చూపించాడు. దాహమన్నవాడికి నీళ్ళివ్వకపోవడం మన ఇళ్ళల్లో పాపం కదా. లేపి కూర్చోబెట్టి నేనే పట్టాను. దగ్గు కూడా రాలేదు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, పాపం.

"మోరాగ్ అనే నర్సు వచ్చి ఖాళీ గ్లాసు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 'ఎన్ని గుక్కలు?' అని అడిగి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఆయనచేత 'ఆ' అనిపించింది. గొంతులో నీళ్ళు గరగరలాడాయి. పక్షవాతం వస్తే గొంతు కూడా పడిపోవచ్చు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాకపోవచ్చు. ఇదంతా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. అక్కడ ముందు చెంచాడు చెంచాడు పట్టి, ప్రతిసారీ గొంతు విని, ఆ తర్వాతే గ్లాసు ముట్టనిస్తారు. మర్నాడు ఆయనకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఆ కుర్చీలోనే కూర్చున్నాను, ఆయన ఊపిరి వింటూ..."

అక్కడ ఆగి, "పొద్దున్న వచ్చిన నాలుగో మంచం ఆయనకు నోటికి ఏమైనా ఇచ్చారా?" అని అడిగారు.

సూది సకాలంలో పడిందన్న సంబరంలో "కాస్త కాఫీ పట్టమ్మా" అని ఆ రోగి భార్య ఓబులమ్మకు చెప్పింది హిమజే. నోటుబుక్కు అక్కడే పడేసి పరుగెత్తింది. వెనకే మేమూ. మా వార్డు అంత పొడుగని ఆ రోజే తెలిసింది.

ఓబులమ్మ మొగుడి పక్కన కూర్చుని కాఫీ తిరగబోస్తోంది. హిమజ ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"నువ్వే పట్టమంటివి కదమ్మా! కాలుతాండాదని ఇంగా పట్టలేదు," అంది ఆవిడ బెదిరిపోయి.

హిమజకు ఏడుపొచ్చేసింది. వెనకే నెమ్మదిగా వచ్చిన గురువుగారు జేబులోంచి చెంచా తీసి ఆమె చేతిలో పెట్టి, కుర్చీ చూపించారు. ఆమె కూర్చుని చెంచాడు నీళ్ళు పట్టి, "ఆ అనండి" అని చెవి ఒగ్గింది. మొదటి చెంచాకు గొంతు బాగానే ఉంది. రెండో చెంచాకు గరగరలాడింది. హిమజ చేయి ఆగిపోయింది.

"ఆ ఇయన్ బతికారా, సార్?" అని అడిగింది, రోగి మీద నుంచి చూపు తిప్పకుండానే.

"ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను ఆ చెంచాని," అన్నారాయన. "ఇక నీ దగ్గర ఉంచుకో."