మామ్మ తీస్తానన్న నార

అనగనగా ఒక ఊళ్ళో, వాగొడ్డు గుడిసెలో, పైడి అనే పిల్లా దాని మామ్మ నరసమ్మా ఉండేవాళ్ళు. పైడి అచ్చం నీలాగే. చెప్పిన మాట వినేది కాదు, విన్నదల్లా నమ్మేసేది.

పైడి వాళ్ళమ్మ ఉన్నప్పుడు పెరట్లో అవిసె గింజలు చల్లింది. "గింజలు రాల్చాక ఆ కాడల్ని నానేసి నార తీస్తానే పైడీ, నీకు ఉయ్యాల తాడు పేనతా," అంది. మొలకలు రాకముందే జ్వరమొచ్చి చనిపోయింది.

ఆ తర్వాత అవిసె పూసింది. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి రాలిపోయే నీలం పూలు. పైడి రాలినవన్నీ ఒళ్ళో పోసుకునేది. "రేపు మళ్ళీ పూస్తాయిలేవే," అనేది మామ్మ. ఒక రేపు పూయలేదు. కాయలు కట్టాయి, ఎండాయి, గింజలు రాల్చారు. కాడలు మిగిలాయి.

అప్పుడు మాఘమాసంలో వేళకాని ముసురు పట్టింది. ఇంట్లో ఎండుపుల్ల లేదు. మామ్మ ఒక కాడల కట్ట పొయ్యి దగ్గరకు తెచ్చింది. పైడి లాగేసింది. ఇంకోటి తెచ్చింది. అదీ లాగేసింది. మూడోసారికి కట్టలన్నిటి మీదా పడి పడుకుంది.

"లేస్తావా, నీ నార తియ్యమంటావా?" అంది మామ్మ.

అది ఆవిడ ఊతపదం. చెయ్యెత్తి ఎరగదు పాపం. కానీ పైడికి నార తియ్యడమంటే ఒకటే తెలుసు.

తెల్లారేసరికి పిల్లా లేదు, కాడలూ లేవు. మామ్మ వాగుకి పరిగెత్తింది. కట్టలు నీళ్ళలో ఉన్నాయి, తేలకుండా పైన రాళ్ళు. పక్కనే పైడి, మెడదాకా నీళ్ళలో, ఒళ్ళో తనకీ ఒక రాయి. పెదాలు అవిసె పూలంత నీలం.

"ఏం చేస్తున్నావే తల్లీ?"

"నానుతున్నా మామ్మా. నానకుండా తీస్తే తెగిపోద్దని అమ్మ చెప్పింది. నా నార తీసుకో. కాడలు మాత్రం కాల్చకు."

మామ్మ పిల్లని భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. తన మంచం విరిచి పొయ్యిలో పెట్టింది. పైడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. మామ్మ నేలమీద కూర్చునే తెల్లవార్లూ కాచుకుంది.

ఆ తర్వాత కాడలు నానాయి. మామ్మ వాటిని ఎండేసింది, బాదింది, దువ్వింది. తాడు పేని దూలానికి వేసింది. పుల్లలా మిగిలిన పైడిని ఎత్తి ఉయ్యాలలో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు తిట్టవేం మామ్మా? నా నార తియ్యవా?"

మామ్మ తోలు లేచిపోయిన చేతులతో మెల్లిగా ఊపింది.

"నీది నేనెక్కడ తీశానే. నాదే నువ్వు తీశావు."

కాడేమో వాగుకి, నారేమో తాడుకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.

ఇంక దుప్పటి కప్పుకో. కప్పుకోలేదో, నీ... ఏం లేదులే, పడుకో.