ఆఖరోని టైము

ఓబులేసు సంచి సర్దుకుని బాబా ముందు నిలబడ్డాడు.

"పోతాను బాబా. మధ్యాహ్నం బస్సుకు."

హుసేన్‌పీరా బాబా చెనిక్కాయలు వొలుస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఎందుకప్పా?" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. తేనెకొండ మీది మా మకాంలో ఒక పద్ధతి ఉంది. పగలంతా కింద చేలో పని చేసి, కొండెక్కి వచ్చి, శిష్యులమందరం వరసగా విస్తళ్ల ముందు కూర్చుంటాం. ఆఖరి మనిషి వచ్చి కూర్చునేదాకా సంగటి వడ్డించరు. బాబాకు ఆయన గురువు పెట్టిన పద్ధతది. ఆ ఆఖరి మనిషి రోజూ ఓబులేసే. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడితే విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. పాపం, కొండెక్కాలంటే వాడికి ప్రాణాలు తోడేసినట్టవుతుంది.

"నేనొచ్చేసరికి అందరూ గడప వైపే చూస్తాంటారు బాబా. కడుపులు మాడతాంటాయి. సంగటి చల్లబడి రాయైతాంటది. ఒక్కరూ ఒక్క మాట అనరు. అంటే బాగుండు! ఆ చూపులు నేను మొయ్యలేను. రోజూ ఇంతమందిని పస్తు కూర్చోబెట్టే బతుకెందుకు నాకు?"

నాకు గుండె చివుక్కుమంది. ఓబులేసు లేని మకాం ఉప్పులేని పప్పే. బాబా నాలుగు మంచి మాటలు చెప్పి ఆపుతాడులే అనుకున్నాను.

ఆపితేగా! "సరే" అని లేచాడు. "బస్సు దాకా నేనూ వస్తా. " నా వైపు తిరిగి, "గంగులప్పా, నువ్వూ రా. ఇయ్యాల కొండ కింద సైకిళ్ల పందెం కదా."

వారం రోజుల పందెమది. రోజుకొక ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుతారు. అన్ని రోజుల టైమూ కూడితే ఎవరిది తక్కువుంటే వాడు పసుపు చొక్కా తొడుక్కుంటాడు. ఆ రోజు పందెం ముగిసే గీత గీసింది మా తేనెకొండ క్రాసులోనే. రోడ్డు మూసేశారు. పందెం అయ్యేదాకా బస్సు కదలదు. జనం తిరునాళ్లలా మూగారు.

ఓబులేసుకు సైకిల్ తొక్కే యోగం లేదు గానీ, ఆ పందెమంటే పిచ్చి. పసుపు చొక్కా మునిరత్నం పేరు చెబితే చాలు, వంకర కాలు కూడా గంతులేస్తుంది. నాకేమో దూకుడు మనిషి గుర్విందర్ అంటే ఇష్టం.

"ఏమబ్బయా, మీవాడు ఒక్క రోజన్నా మొదట వచ్చినాడా?" అని గిల్లాను. పోయే మనిషి ముఖంలో నవ్వు చూద్దామని.

"ఎందుకు రావాల? ఏ రోజూ టైము పోగొట్టుకోకుండా ఉంటే చాలదా?" సంచి భుజాన ఉండగానే మీదికొచ్చాడు.

"మావాణ్ణి చూడు! పొద్దున్నుంచి అందర్నీ వదిలేసి ఒక్కడే ముందు పోతాండాడంట. మగాడంటే వాడూ!"

"ఒంటరోడు గాలినంతా తానే కొయ్యాలన్నా. గుంపులో ఐతే ఒకని తర్వాత ఒకడు ముందుకొచ్చి గాలికి అడ్డం కాస్తాడు, వెనకోళ్లకు దమ్ము మిగులుతది. చూస్తాండు, క్రాసు రాకముందే మీవాణ్ణి గుంపు మింగుతది."

వాడి నోట ఏ ముహూర్తాన వచ్చిందో ఆ మాట, మైకులో అదే చెప్పారు. చెరువు కట్ట దగ్గర గుర్విందర్ దొరికిపోయాడట. నాకు ఒళ్లు మండింది.

అంతలో వచ్చేశారు. ఒక గోడ కదిలొచ్చినట్టు సైకిళ్లన్నీ ఒక్కసారే వచ్చాయి. ఎవరో ఎర్ర చొక్కా కుర్రవాడు జానెడు తేడాతో ముందు గీత దాటాడు. పసుపు చొక్కా ఎక్కడా? వెతగ్గా వెతగ్గా గుంపు తోకలో, అందరికంటే వెనక కనబడింది.

"పోయె! పసుపు చొక్కా పోయె!" అని ఎగిరాను. కడుపుమంట ఊరికే ఉంటుందా?

ఓబులేసు పగలబడి నవ్వాడు. "అన్నా, నీకు నోరే గానీ లెక్క తెలీదు. గుంపుతో కలిసి వచ్చినోళ్లందరికీ ఒకటే టైము. మొదటోనిది ఎంతో ఆఖరోనిదీ అంతే. నడుమ గుంపు తెగకుంటే చాలు."

బాబా చెవికి చెయ్యి ఆనించాడు. "ఏమంటివి?"

"అందరికీ ఒకటే టైము, బాబా."

"ఆఖరోనికి కూడానా?"

"ఆఖరోనికి కూడా."

"మరి ముందొచ్చినోళ్లు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకునేదేముంది బాబా? అంతా ఒక గుంపే కదా!"

"ఊఁ" అన్నాడు బాబా. అంతే.

మునిరత్నానికే మళ్లీ పసుపు చొక్కా అని మైకులో చెప్పగానే ఓబులేసు నన్ను వాటేసుకున్నాడు. అప్పుడే బస్సు హారన్ కొట్టింది. వాడి చేతులు జారిపోయాయి. సంచి సర్దుకుని బాబా పాదాలకు వంగాడు.

బాబా కాలు వెనక్కి తీసుకుని చెప్పు చూసుకున్నాడు. "చెప్పు వారు తెగినట్టుందప్పా. నేను మెల్లగా వస్తా. పైన కంగారుపడతారు, మీరిద్దరూ పోయి చెప్పండి. బస్సు రేపూ వస్తది."

నేను ఆయన దగ్గరే ఉంటానన్నాను. ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకుని కొండెక్కాను.

ఓబులేసు ఎప్పటిలాగే ఆగి ఆగి ఎక్కాడు. అయినా బాబా మాకు వెనకే ఉన్నాడు. సాయంత్రం మకాం చేరేసరికి అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. ఓబులేసు విషయం చెప్పి, రోజూ తాను కూర్చునే ఆఖరి విస్తరి బాబాకు వదిలి, నా పక్కన కూర్చున్నాడు. సంచి భుజం మీదే ఉంది.

పొద్దు వాలింది. సంగటి బేసిన్‌లో ఆవిరి తగ్గింది. బాబా రాలేదు. ఓబులేసు మెడ చాచి గడపనే చూస్తున్నాడు. ఎవరి అలికిడి వినబడినా లేవబోయి మళ్లీ కూర్చుంటున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఏమబ్బయా, గడపను మింగేసేట్టు చూస్తాండావే? ఆకలికి కోపమొచ్చిందా?"

"కోపమా?" నా మీద విరుచుకుపడ్డాడు. "ఏం మాటన్నా అది! ఎవురికన్నా కోపమొస్తదా? మసక పడతాంది, ఆ చెప్పుతో ఏ రాయి తగులుకుందో ఏమో. వచ్చి మన నడుమ కూర్చుంటే చాలు గదా అని..."



వాడు మెల్లగా తల తిప్పి వరసంతా చూశాడు. లక్షుమ్మక్క, చాంద్‌బీ, ముసలి నరసయ్య, అందరూ గడప వైపే చూస్తున్నారు. ఓబులేసు ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

బయట చెప్పుల చప్పుడైంది. బాబా గడప పక్కన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. నేను తొంగి చూశాను. రెంటికీ వార్లు గట్టిగానే ఉన్నాయి.

బాబా ఆఖరి విస్తరి ముందు కూర్చుని మోకాళ్లు ఒత్తుకున్నాడు.

"ఓబులేసూ, నా టైమెంతప్పా?"

ఓబులేసు లేచాడు. సంచి తీసి గోడకున్న కొయ్యకు తగిలించాడు. సంగటి బేసిన్ అందుకుని, ఆ ఆఖరి విస్తరి దగ్గర వడ్డన మొదలుపెట్టాడు.