కొలిచి కుట్టిన కోటు

"...ఆ కోట్లో ఆ పిల్లతోపాటు మేక కూడా పట్టింది. ఇంకా చోటు మిగిలింది! నవ్వుతారేంటండీ? మధ్యలో వచ్చారు కదా, ముందు కూర్చోండి, మొదట్నించి చెప్తా."

ఏటి ఒడ్డున ఒక దర్జీ ఉండేవాడు. ఆ ఏట్లో ఒక పిల్ల పడవ నడిపేది. చలి మొదలవగానే ఆ పిల్ల ఉన్నిగుడ్డ తెచ్చి దర్జీ ముందు పడేసింది.

"ఇదిగో దర్జీ, చలి ముదిరేలోగా కోటు కుట్టు. లేదంటే పడవ కట్టేసి మా పిన్నివాళ్ళూరు పోతా. మళ్ళీ రాను."

ఆ పిల్ల రాకపోతే దర్జీకి తెల్లారదు. టేపు తీశాడు గానీ మళ్ళీ మేకుకి తగిలించేశాడు. దగ్గరికెళ్తే వేలు తగులుద్దేమోనని భయం.

"టేపు అక్కర్లేదండీ. నేను చూసి కొలుస్తా."

రోజూ పొద్దున్నే గట్టెక్కి చూసేవాడు. ఆ పిల్ల తెడ్డు వేస్తుంటే ఏరు పక్కకి జరిగి దారిస్తున్నట్టుండేది. ఆ భుజాలు ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డు దాకా ఉన్నట్టుండేవి. పరిగెత్తుకొచ్చి అలాగే కత్తిరించేవాడు. ఉన్నిగుడ్డ చాల్లేదు. తన దుప్పటి కలిపాడు. కిటికీ పరదా కూడా పీకి కలిపాడు.

"ఒరేయ్, నన్నొక్కసారి వెయ్యరా," అంది మేకుకి వేలాడే టేపు.

"నువ్వు చాలవులే."

కత్తెర కిసుక్కుమంది. "మనిషికా, కొండకా నువ్వు కుట్టేది?"

"ఆవిడకి," అన్నాడు దర్జీ, సిగ్గుతో మెలికలు తిరిగిపోతూ.

కోటుని తోపుడుబండి మీద రేవుకి తెచ్చాడు. పడవలో నిలబడి తొడుక్కున్న పిల్ల మాయమైపోయింది. "నా చేతులెక్కడ?" అని లోపల్నించి కేక. వెచ్చగా ఉందని పడవెక్కిన ఎవరిదో మేక కూడా దూరి, కోటుచేతిలోంచి తల బయట పెట్టింది. ఇంతలో గాలి కోటులో దూరింది. కోటు తెరచాపలా ఉబ్బింది, పడవ తెడ్డు లేకుండానే ఉరికింది!

"చూశారా, ఎంత గొప్పదో!" అని దర్జీ గట్టు మీద గంతులేశాడు.

పడవ ఇసకమేటకి గుద్దుకుంది. పిల్ల నీళ్ళలో పడి, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఒడ్డుకొచ్చింది.

"ఎవరి కొలతలయ్యా ఇవి?"

"మీవేనండీ. రోజూ కొలుస్తూనే ఉన్నానండీ."

రేవంతా గొల్లున నవ్వింది. అప్పటిదాకా ఆ ఊళ్ళో కొలవడమంటే టేపు వెయ్యడమే. ఆ పూటనించి, ఎవడైనా ఎవరినైనా నోరు తెరుచుకుని చూస్తే చాలు, "వీడూ కొలుస్తున్నాడ్రోయ్" అనడం మొదలెట్టారు.

దర్జీకి మాత్రం నవ్వు రాలేదు. "వెళ్ళిపోతారాండీ?" అన్నాడు.

పిల్ల తడిజుట్టు పిండుకుంది. ఊపిరి తగిలేంత దగ్గరికొచ్చి, టేపు వెయ్యమన్నట్టు చేతులు చాపి నిలబడింది. అప్పుడు ఏమందో ఆ ఊరోళ్ళు ఇప్పటికీ అక్షరం మార్చకుండా చెప్తారు:

"కొలిచింది చాల్లే. ఇక కొలువు."